విస్మయం నుంచి వివేచనకు: భౌతికశాస్త్ర ప్రజాప్రదర్శనల రసదృష్టి (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నేపథ్యం)

వ్యాస సంగ్రహం

ఉపన్యాసం, కళారూపం, ప్రదర్శన అనే మూడు మార్గాల్లో భౌతికశాస్త్రాన్ని ప్రజల ముందుకు తెచ్చే ప్రయత్నాలు తెలుగునాట దాదాపు నాలుగు దశాబ్దాలుగా సాగుతున్నాయి. వాటి సామాజిక ప్రయోజనం గురించి చర్చ జరిగినంతగా వాటి భాష, నిర్మాణం, రసస్వభావాల గురించి జరగలేదు. ఈ ప్రదర్శనల్లో భౌతికశాస్త్రం ఖండన సాధనంగా స్థిరపడి, ఆస్వాదించదగిన విషయంగా వెనుకబడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పశ్చిమ కర్నూలు శ్రోతల అనుభవ ప్రపంచాన్ని గీటురాయిగా తీసుకుని ఆ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కళాజాతా, అద్భుత రసం, జన విజ్ఞానం, శాస్త్ర పరిభాష, ఆదోని, ఎమ్మిగనూరు.

ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్ర విజ్ఞానాన్ని సామాన్య పాఠకునికి అందించాలన్న సంకల్పం కొత్తది కాదు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథాలతో పాటు శాస్త్ర గ్రంథాలను కూడా ప్రచురించింది. అయితే ఆ కృషి చదువరుల వరకే పరిమితమైంది. చదువురాని వారి దగ్గరకు శాస్త్రం నడిచి వెళ్లడానికి జాతా అనే రూపం అవసరమైంది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో ప్రారంభించిన శాస్త్ర కళాజాతా, 1987లో దేశవ్యాప్తంగా సాగిన భారత జన విజ్ఞాన జాతా ఇందుకు మార్గం వేశాయి. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. రామన్ ఫలితం వెలువడిన 1928 ఫిబ్రవరి 28కి గుర్తుగా 1987 నుంచి జరుపుతున్న జాతీయ విజ్ఞాన దినోత్సవం బడులకు ఒక వార్షిక సందర్భాన్ని ఇచ్చింది.

ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఈ సరిహద్దు సీమలో శ్రోత ఏకభాషి కాడు, ఏకసంప్రదాయానికి చెందినవాడూ కాడు. అందువల్ల ఏ ప్రదర్శన పాఠమైనా ఇక్కడ కఠినమైన పరీక్షను ఎదుర్కొంటుంది.

కళాజాతా: హాస్యంలో ముగిసే అద్భుతం

విజ్ఞాన కళాజాతాల్లో జనాన్ని విశేషంగా ఆకర్షించే అంశం మహిమల గుట్టు విప్పే ప్రదర్శన. దాని నిర్మాణం దాదాపు స్థిరమైనది. ఒక పాత్రధారి బాబా వేషంలో అసాధ్యమనిపించే పని చేస్తాడు, చూపరులు నివ్వెరపోతారు. మరొక పాత్రధారి వచ్చి అందులోని రసాయన, భౌతిక సూత్రాన్ని బయటపెడతాడు. బాబా నవ్వులపాలవుతాడు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, విస్మయమనే స్థాయిభావంతో మొదలైన అద్భుతం పరిపాకం పొందకుండానే హాస్యంగా మారిపోతుంది. శాస్త్ర సూత్రం ఇక్కడ రసాన్ని పోషించదు, దానికి తెర దించుతుంది.

ఈ నిర్మాణానికి చారిత్రక సమర్థన ఉంది. 1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశమంతటా వ్యాపించినప్పుడు తలతన్యత, కేశనాళికీయత అనే రెండు మాటలు ప్రజల్లోకి వెళ్లవలసి వచ్చింది. మోసపోయేవారిని కాపాడటం తక్షణ కర్తవ్యమైనప్పుడు ఖండనే సరైన రూపం. కాని అదే ఏకైక రూపమైతే కేశనాళికీయత అనే మాట ఒక వదంతికి సమాధానంగానే మిగిలిపోతుంది. దీపపు వత్తి నూనెను పైకి పీల్చేదీ అదే ధర్మం వల్లనన్న సంగతి చెప్పకుండా పోతుంది. ఆదోని శ్రోతకు దూది నిత్యపరిచితం. విగ్రహం దగ్గర ఆగిన వివరణను వత్తి దాకా తీసుకువెళ్తే, ఖండన ముగిసిన చోట కొత్త విస్మయం మొదలవుతుంది.

పీర్ల పండుగ నాటి అగ్నిగుండం ఇంకా సున్నితమైన ఉదాహరణ. రాయలసీమలో ఈ పండుగను హిందువులు, ముస్లింలు కలిసి జరుపుకుంటారు. బూడిద కప్పిన బొగ్గు నిప్పులకు ఉష్ణవాహకత తక్కువ. అడుగు వాటిపై నిలిచే సమయం స్వల్పం. అందువల్ల పాదానికి చేరే వేడి పరిమితంగా ఉంటుంది. ఈ వివరణ నిజం. కాని దీన్ని బాబా వేషపు చట్రంలోనే చెబితే గుండం తొక్కినవాడు మోసగాడిగా కనిపిస్తాడు. అతడు ఎవరినీ మోసగించలేదు, తాను నమ్మిన పని తాను చేశాడు. కపటానికి, విశ్వాసానికి ఒకే నాటక రూపాన్ని వాడటం ఈ ప్రదర్శనల ప్రధాన లోపం. దాని ఫలితంగా శ్రోత శాస్త్రాన్ని ప్రతిపక్షంగా చూడటం మొదలుపెడతాడు.

మరొక విశేషం గమనించదగినది. జాతా ఊరిలో అడుగుపెట్టగానే డప్పు మోగుతుంది. వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాచడం అందరూ చూసినదే. తేమ తగ్గిన చర్మం బిగిసి స్వరస్థాయి పెరుగుతుంది. జనాన్ని పిలిచే వాద్యంలోనే ఒక భౌతికశాస్త్ర పాఠం ఉన్నా, అది జాతా పాఠంలోకి రావడం అరుదు. మృదంగం కుడిమూతపై వేసే నల్లటి పూత వల్ల దాని అనుస్వరాలు శ్రుతిబద్ధమవుతాయని సి.వి. రామన్ 1920లోనే గుర్తించి రాశాడు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన ఆ శాస్త్రవేత్తకు కళ, భౌతికశాస్త్రం వేరువేరు వేదికలు కావు. కళాజాతా కళను వాహనంగా వాడుకుంది. రామన్ కళనే విషయంగా తీసుకున్నాడు.

ఉపన్యాసం: పని, శక్తి, భారం

ఉపన్యాసంలో అసలు చిక్కు పరిభాషది. తెలుగు భౌతికశాస్త్ర పరిభాషలో కఠిన సంస్కృత సమాసాల కన్నా, తెలిసినట్టు అనిపించే మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. శక్తిని సృష్టించలేం, నశింపజేయలేం అన్న వాక్యం గ్రామదేవతలను శక్తులుగా కొలిచే శ్రోతకు స్తోత్రంలా వినిపించవచ్చు. అతడు తల ఊపుతాడు. ఉపన్యాసకుడు తన మాట అర్థమైందనుకుంటాడు.

'పని' అనే మాట మరీ విచిత్రం. సమతలంపై స్థిరవేగంతో బరువు మోసుకుపోయేవాడు గురుత్వానికి వ్యతిరేకంగా చేసే పని శూన్యమని పాఠ్యపుస్తక సూత్రం. ఆదోని పత్తి మార్కెట్లో బోరెం మోసే హమాలీ ముందు ఈ వాక్యం పలికితే అది అవమానం. శరీరం లోపల కండరాలు నిరంతరం శక్తిని ఖర్చు చేస్తాయని, ఆ ఖర్చు సూత్రంలోని పని లెక్కలోకి రాదని చెప్పినప్పుడే వాక్యం న్యాయమవుతుంది. హమాలీ అలసట ఎక్కడికి పోయిందన్న ప్రశ్న నిజానికి మంచి భౌతికశాస్త్ర ప్రశ్న. శ్రోత శ్రమను గౌరవించే వివరణే ఇక్కడ శాస్త్రపరంగానూ సంపూర్ణమైన వివరణ.

ఈ చిక్కును గ్రంథరచయితలు కొంతవరకు దాటారు. నండూరి రామమోహనరావు విశ్వశాస్త్ర గ్రంథానికి 'విశ్వరూపం' అని పేరు పెట్టాడు. మహీధర నళినీమోహన్ 'పిడుగుదేవర కథ' అన్నాడు. ఈ శీర్షికలు శ్రోత ఎరిగిన సంప్రదాయ పదాన్ని ఎగతాళి చేయవు, దానిలో కొత్త అర్థాన్ని నింపుతాయి. జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రికకు 'చెకుముకి' అన్న పేరు కూడా ఈ కోవలోనిదే. రాయి, ఉక్కు, ఇంత దూది: నిప్పు పుట్టించే ఈ పరికరం ఒకప్పటి సామాన్యుని భౌతికశాస్త్రం.

ప్రదర్శన: చూపే వస్తువు, చెప్పే వాక్యం

హైదరాబాదులోని బిర్లా నక్షత్రశాల గాని, తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం గాని ఈ ప్రాంత విద్యార్థికి అందుబాటులో లేవు. బడిలోని వైజ్ఞానిక ప్రదర్శనే అతని విజ్ఞానశాల. అక్కడ అట్టముక్కల ఆనకట్ట, అగ్నిపర్వతం ఏటేటా కనిపిస్తాయి. వాటి పక్కన నిలబడిన విద్యార్థి చెప్పే వివరణ కంఠస్థ పాఠం. మధ్యలో ప్రశ్న అడిగితే అతడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఇది విద్యార్థి లోపం కాదు. తన అనుభవంలో లేని వస్తువును గురించి అతనికి సొంత వాక్యం ఉండదు.

ఎమ్మిగనూరులో గుంటమగ్గం చూసి పెరిగిన పిల్లవాడి సంగతి వేరు. తాడు గుంజితే నాడె పడుగు మధ్య నుంచి దూసుకుపోతుంది. చేయి విడిచిన తరువాత కూడా అది సాగిపోవడం జడత్వం, పెట్టెలో ఆగడం ఘర్షణ. దీన్ని అతడు ఇంటి మాటల్లో చెప్పగలడు, అడిగితే చేసి చూపగలడు, తెలియనిదేదో తానే అడగగలడు. నీలకంఠేశ్వరుని తేరు కదిలేదాకా ఉండే కష్టం, కదిలాక కలిగే సులువు కూడా ఇటువంటి పాఠమే. స్థానిక వస్తువును ఎంచుకోవడం వల్ల కలిగే లాభం కేవలం ఆసక్తి కాదు. వస్తువు తనదైనప్పుడు వాక్యమూ తనదవుతుంది.

ముగింపు

భౌతికశాస్త్రాన్ని ప్రజలతో కలిసి పండుగగా జరుపుకోవడమంటే ప్రజల పండుగలకు పోటీ పెట్టడం కాదు. మోసం ఉన్న చోట ఖండన తప్పదు. మోసం లేని చోట అదే రూపాన్ని కొనసాగిస్తే శాస్త్రం శ్రోతలను పోగొట్టుకుంటుంది. విస్మయాన్ని హాస్యంతో చల్లార్చే నిర్మాణం నుంచి విస్మయాన్ని వివేచన దాకా నడిపించే నిర్మాణానికి విజ్ఞాన ప్రదర్శన మారవలసి ఉంది. అందుకు కావలసిన సామగ్రి ఆదోని పత్తి మార్కెట్లో, ఎమ్మిగనూరు మగ్గం గుంటలో, డప్పు కాచే మంట దగ్గర సిద్ధంగానే ఉంది. దానికి భాషను సమకూర్చడం భౌతికశాస్త్ర అధ్యాపకుని ఒక్కడి పని కాదు. ఈ పాఠాలను సాహిత్య పాఠాలుగా సేకరించి, పరిశీలించి, సవరణలు సూచించవలసిన బాధ్యత తెలుగు శాఖలపైన కూడా ఉంది.