క్రాంకు మెడలో ఆయిల్ పంపు

మారుతి 800 ఆయిల్ పంపు మొహం చూడాలంటే సగం ఇంజిన్ విప్పాలి. ఫ్యాన్ బెల్టు, క్రాంకు పుల్లీ, టైమింగ్ బెల్టు, దాని వెనక పళ్లచక్రం తీయాలి. కింద ఆయిల్ చాంబర్ దించి, జాలి ఉన్న పైపు ఊడదీయాలి. అప్పుడు బయటపడుతుంది, క్రాంకు ముందు కొసని చుట్టుకుని బ్లాకుకి బిగించి ఉన్న అల్యూమినియం కేసు. దాని పలక స్క్రూలు ఓ పట్టాన రావు. తలలు పాడవకుండా విప్పగలిగితే లోపల ఉండేవి రెండే రెండు లోహపు చక్రాలు, అరచేతిలో ఇమిడేవి. బండి రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిందంటే అందులో వీటి వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టరు.

లోపలి చక్రం క్రాంకుతోపాటే తిరుగుతుంది. దాని అంచున నున్నటి బొడిపెలుంటాయి. బయటి చక్రానికి లోపలివైపు గుంటలుంటాయి, బొడిపెల కన్నా ఒకటి ఎక్కువ. రెండింటి కేంద్రాలూ ఒకచోట ఉండవు, కొంచెం పక్కకి జరిపి పెట్టారు. పనితనమంతా ఈ రెండు తేడాల్లోనే ఉంది. లోపలిది బయటిదాన్ని తనతో తిప్పుకుంటూ పోతుంటే వాటి మధ్య ఖాళీలు ఒకవైపు పెరుగుతూ, ఎదుటివైపు తరుగుతూ ఉంటాయి. పెరిగేచోట కేసులో తొలిచిన నెలవంక దారి చాంబర్‌లోంచి ఆయిల్ పీల్చుకుంటుంది. తరిగేచోట ఉన్న మరో నెలవంకలోంచి ఆ ఆయిల్ ఫిల్టర్ వైపు పోతుంది. పీల్చి తోసే ఈ పనిలో వాల్వు లేదు, స్ప్రింగు లేదు. నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. లోపలిది ఒక చుట్టు తిరిగేసరికి బయటిది ఒక గుంట వెనకబడుతుంది. కాబట్టి ఏ బొడిపే ఎప్పుడూ ఒకే గుంటలో పడదు. ప్రతిదీ అన్నిటితోనూ ఒరుసుకుంటుంది, అరుగుదలని అన్నీ కలిసి పంచుకుంటాయి. దీన్ని గీసినవాడు ఎంత తీరిగ్గా ఆలోచించి ఉంటాడో!

‘పంపులో ప్రెషర్ పోయింది’ అని షెడ్డుల్లో తరచూ వినిపించే మాట. పంపుకి తెలిసింది ఆయిల్‌ని తోయడమొక్కటే. ప్రెషర్ పుట్టేది ఆ ఆయిల్‌కి ఎదురు తగిలినచోట, మొక్కలకి నీళ్లు పడుతూ పైపు మూతిని బొటనవేలితో నొక్కినట్టు. ఇక్కడ ఎదురు తగిలేది క్రాంకు బేరింగుల సందు. సుజుకి చిన్న పెట్రోలు ఇంజిన్లలో అది కొత్తలో 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్లు. 0.06 దాటితే బేరింగులు మార్చాల్సిందే. సందు పెరిగాక కొత్త పంపు వేసినా గేజి ముల్లు లేవదు. మంచి మేస్త్రి పంపు కొనిపించే ముందు బేరింగులు చూసేది అందుకే.

వేగం పెరిగేకొద్దీ పంపు అవసరానికి మించి తోస్తుంది. ఆ మిగులుని రిలీఫ్ వాల్వు వెనక్కి మళ్లిస్తుంది. ఇంత చిన్న ప్లంజరు, వెనక ఒక స్ప్రింగు. చిన్న ఇనుప రజను ఇరుక్కుని ఇది తెరుచుకుని ఉండిపోయినా పంపు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

మామూలుగా పరుగెత్తే ఇంజిన్‌లో మూడు నాలుగు బార్ల ప్రెషర్ సరిపోతుంది. పేలుడు దెబ్బలు తినే క్రాంకుని అంత తక్కువ ఒత్తిడి ఎలా మోస్తుందని అనుమానం రావాలి. దీనికి జవాబు కార్ల కన్నా ముందే దొరికింది. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ పైభాగాన ఒక రంధ్రం తొలిచారు. ఇరుసు తిరుగుతుంటే నూనె అందులోంచి పొంగింది. చెక్క బిరడా కొడితే దాన్నీ నెట్టేసింది. గేజి బిగిస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాని లెక్క తేల్చారు. తిరిగే ఇరుసే నూనెని ఇరుకు సందులోకి ఈడ్చుకుపోయి, ఆ పొర మీద తేలుతుందని. పంపు పని అక్కడిదాకా ఆయిల్ ఎడతెగకుండా అందించడమే.

అన్ని భాగాలకీ వడకట్టిన ఆయిల్ అందించే ఈ పంపు తాను మాత్రం వడకట్టనిదే తాగుతుంది. ఫిల్టర్ దాని తర్వాత ఉంటుంది. దాని ముందున్నది ఒక ఇనుప జాలి, అంతే. ఆయిల్ మార్చడం బాగా ఆలస్యమైన బండిలో ఈ జాలికి నల్లటి జిగురు పట్టేస్తుంది. చాంబర్ బిగించేటప్పుడు గ్యాస్కెట్ పేస్టు ఎడాపెడా పూస్తే లోపలికి కారిన తునకలు కూడా నేరుగా వచ్చి ఇక్కడే అతుక్కుంటాయి. పైపు ఓ-రింగు గట్టిపడితే పంపు ఆయిల్‌తోపాటు గాలి కూడా పీలుస్తుంది. నన్నడిగితే పంపు సంరక్షణలో ముప్పాతిక వంతు ఈ జాలి సంరక్షణే.

పంపుని విప్పినప్పుడు ఫీలర్ గేజితో రెండు కొలతలు చూస్తారు. బయటి చక్రానికీ కేసుకీ మధ్య సందు 0.31 మిల్లీమీటర్లు దాటకూడదు. కేసు మీద స్కేలు అడ్డంగా ఆనించి చక్రాల పైన చూసే సందు 0.15 దాటకూడదు. ఈ రెండోది పెరిగితే తోసిన ఆయిల్ పక్కనుంచి మళ్లీ పీల్చే వైపుకే జారిపోతుంది. కేసు, పలక గీతలు పడి ఉంటే చక్రాలు మాత్రమే మార్చి లాభం లేదు.

కొత్త ఇంజిన్లలో అవసరాన్నిబట్టి తోసే పరిమాణం మార్చుకునే పంపులొచ్చాయి. ఇంధనం ఆదా, సంతోషమే. పంపుని బెల్టుతో తిప్పడం మాత్రం నాకు మింగుడుపడదు. ఫోర్డ్ 1.0 లీటరు ఇంజిన్‌లో ఆ బెల్టు ఆయిల్‌లో నానుతూ తిరుగుతుంది. దాని టెన్షనర్ లోపం వల్ల 2023 చివర్లో అమెరికాలో లక్షకు పైగా ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లని వెనక్కి పిలిచారు. ఆ ఎకోస్పోర్ట్‌లు తయారైంది చెన్నైలో.

డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ లైటు చాలా కార్లలో ఆయిల్ మట్టం చెప్పేది కాదు. ప్రెషర్ దాదాపు పడిపోయాక గానీ వెలగదు. నడుస్తుండగా వెలిగితే పక్కకి తీసి ఇంజిన్ ఆపాలి, పెట్రోల్ బంకు దాకా లాగకూడదు.

పంపు తిరిగి బిగించేటప్పుడు చక్రాల మధ్య ఆయిల్ నింపాలి. పొడిగా ఉంటే అది కిందినుంచి పీల్చలేదు. అంతా బిగించాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ వైరు విప్పి, ఆ ఎర్ర లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గులు ఆ తర్వాతే.