చట్టం కాలేకపోయిన ఒక మంచి ముసాయిదా

1947లో అమృత్‌సర్ వ్యాపారి ఒకాయన బంగారం, వెండి అమ్ముకుందామని మీరట్ వెళ్తే, దొంగసొత్తేమోనని పోలీసులు పట్టుకున్నారు. వదిలేశాక వెండి తిరిగిచ్చారు గానీ, వంద తులాల పైచిలుకు బంగారం ఇవ్వలేదు. జప్తు చేసిన వస్తువులు దాచే మాల్‌ఖానా చూసే హెడ్ కానిస్టేబుల్ దాంతో పాకిస్తాన్‌కు ఉడాయించాడు. పోలీసులది నిర్లక్ష్యమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా జప్తు సార్వభౌమాధికారం గనక సర్కారు పరిహారం ఇవ్వక్కర్లేదంది. ఇదే కస్తూరిలాల్ కేసు. తీర్పు చెబుతూనే, ఈ విషయంలో చట్టం చేయడం మంచిదని శాసనకర్తలకు సూచించింది.

ఆ చట్టం ఎలా ఉండాలో 1956 మేలోనే రాసిపెట్టి ఉంది. ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ ఇచ్చిన మొట్టమొదటి నివేదిక అది.

అప్పటిదాకా (నిజానికి ఇప్పటికీ) రాజ్యాంగం 300వ అధికరణం సర్కారు బాధ్యతను ఈస్టిండియా కంపెనీ నాటి కొలతకే కట్టేసింది. ఇది రాజ్యం మాత్రమే చేసే పనా, ఎవరైనా చేయగలిగేదా అన్నది ఆ కొలత. కలకత్తాలో ఒక గుర్రానికి దెబ్బ తగిలిన 1861 నాటి కేసులోంచి వచ్చింది. కమిషన్ పనితనమంతా ఆ ప్రశ్ననే పక్కన పెట్టేయడంలో ఉంది. ఉద్యోగి విధుల్లో ఉండగా చేసిన తప్పుకు మామూలు యజమాని ఎలా బాధ్యుడో, సర్కారూ అలాగే బాధ్యత వహించాలంది. ఆస్తి గురించిన అంశం మరీ ముచ్చటగా ఉంటుంది: సర్కారు ఒక స్థలాన్ని స్వాధీనం చేసుకున్న క్షణం నుంచే బాధ్యత మొదలు. కాగితాలు ఇంకా చేతికి రాలేదనే సాకుకు అక్కడ చోటే లేదు. చట్టం ఇచ్చిన అధికారాన్ని నిర్లక్ష్యంగా వాడి నష్టం చేసినా పరిహారం కట్టాల్సిందే. మీరట్ బంగారానికి ఈ ఒక్క వాక్యం చాలు.

మినహాయింపుల్నీ దాచలేదు. న్యాయాధికారుల చర్యలు, విదేశీ వ్యవహారాలు, రక్షణ లాంటివి విడిగా పేర్కొంది. నన్నడిగితే ఆ జాబితా కాస్త పొడవే.

ఈ విషయంపై బిల్లు 1965లో ఒకసారి, 1967లో మరోసారి లోక్‌సభకు వచ్చింది. రెండుసార్లూ చట్టం కాలేదు. ఆ పని కోర్టుల మీద పడింది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకులపై బాంబు దాడి జరిగి తండ్రి చనిపోయాడు. పరిహారం చెల్లించాల్సిందేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ కస్తూరిలాల్ తీర్పు ఐదుగురు జడ్జీలది. ఆ తర్వాత వచ్చిన చిన్న ధర్మాసనాలు దాన్ని కొట్టేయలేవు, పక్కనుంచి తప్పుకుని పోవాల్సిందే.