మొక్కు ఎవరి పేరు మీద?

ముడుపు కట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తెల్లగుడ్డ ముక్కని పసుపునీళ్లలో తడిపి ఆరబెట్టి, అందులో రూపాయి బిళ్ల, నాలుగు అక్షింతలు పెట్టి, కోరిక చెప్పుకుని ముడి వేయడమే. గండం గడిచాక కొండకెళ్లి హుండీలో వేయాలి. మా పిన్నికి రొమ్ము క్యాన్సరని రిపోర్టు వచ్చిన సాయంత్రం మా అమ్మమ్మ చేసింది ఇదే. మిగతా వాళ్లమంతా ఫోన్లు పట్టుకుని, ఎవరికి ఏ డాక్టరు తెలుసో వాకబు చేస్తున్నాం. ఆ పూట ఇంట్లో చేతికి పని ఉన్న మనిషి ఆమె ఒక్కతే. దేవుడి సంగతి ఎలా ఉన్నా, ముడుపు ఆమెని నిలబెట్టింది.

అక్కడితో ఆగితే ఈ కాలమ్ రాసేవాణ్ణి కాదు. వారం తిరక్కుండానే మొక్కులు పెరిగాయి. పిన్ని తలనీలాలిస్తుందని అమ్మమ్మ, అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతుందని మామయ్య, ఏడు శనివారాలు ఒంటిపొద్దుంటుందని మా అమ్మ. మొక్కింది వాళ్లు, తీర్చాల్సింది ఆవిడ!

కీమో మొదలైంది. డాక్సోరూబిసిన్ అని ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించిన రెండు మూడు వారాలకి జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తుంది. పిన్ని అద్దం ముందు నుంచి లేచొచ్చి, "చూశావంట్రా, ఆ సామికి ఎంత తొందరో! కొండకి రాకముందే తీసేసుకున్నాడు" అంది. అమ్మమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ తర్వాత ఇచ్చిన పాక్లిటాక్సెల్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కేవి. ఆ కాళ్లతో 3,550 మెట్లా? బరువు తగ్గకూడదు, రోజూ గుడ్డు, పప్పు తినాలని డైటీషియన్ మొత్తుకుంటుంటే శనివారం ఒంటిపొద్దా?

చిక్కు విప్పింది మా బాబాయి. గుడికి వెళ్లినా బయట చెప్పుల దగ్గర నిలబడే రకం ఆయన. "గుండు నేను చేయించుకుంటా, మెట్లు నేనెక్కుతా. దానికి మాత్రం వేళకి అన్నం పెట్టండి" అన్నాడు. కల్యాణకట్టలో ఎవరి బదులు ఎవరిచ్చారని అడిగేవాళ్లు లేరు. పూర్తి గుండు వద్దనుకున్న ఆడవాళ్లు మూడు కత్తెర్లిచ్చి రావడమూ మామూలే. మన దేవుళ్లు సర్దుకుపోతారు. సర్దుకోనిది చుట్టాలే.

మా నెల్లూరు రొట్టెల పండగ సంగతీ అంతే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకుంటారు, తీరినవాళ్లు మరుసటేడు తెచ్చి పంచుతారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, దేనికదే. హిందువులూ ముస్లిములూ ఒకే నీళ్లలో నిలబడతారు. కీమో ఎక్కించాక ఒకటి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో జనంలోకి వెళ్తే ఇన్‌ఫెక్షన్ భయం. అందుకని పిన్నికి ఆరోగ్య రొట్టె ఆమె కూతురు వెళ్లి అందుకుంది.

నాకు ముడుపుతోనూ రొట్టెతోనూ పేచీ లేదు. పేచీ అంతా పలకరించడానికొచ్చి, "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అని వంటింట్లో గొణిగేవాళ్లతో. "గట్టిగా నమ్ముకో, అదే తగ్గిపోద్ది" అనేవాళ్లు ఇంకా ప్రమాదం. రేపు తగ్గకపోతే తప్పు గడ్డది కాదు, ఆమె నమ్మకానిదని తేలుస్తారు. జబ్బు పడ్డ మనిషికి ఆ బరువు కూడానా? ఇంగ్లీషు మందులు ఆపి మా పసరు తాగమనే వాళ్లనైతే గుమ్మం కూడా ఎక్కనివ్వకూడదు. విభూతి పెట్టుకున్నా మందు పనిచేస్తుంది. మందు మానేస్తే మాత్రం విభూతి మీద మోయలేని భారం వేసినట్టే.

మీ ఇంట్లోనూ ఎవరికైనా ఈ కష్టం వచ్చి ఉంటే, మొక్కుకోండి. మీ జుట్టు, మీ కాళ్లు, మీ ఉపవాసం మొక్కుకోండి. కీమో నడుస్తుండగా 100.4 డిగ్రీల జ్వరం వస్తే మాత్రం శనివారమైనా, పూజ మధ్యలో అయినా, అర్ధరాత్రయినా వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. దణ్ణం ఆటోలో కూర్చుని కూడా పెట్టుకోవచ్చు.