భాషాజాతి భావన, సమాఖ్య ఒప్పందం: యుగోస్లావియా అనుభవం – కడప జిల్లా నుంచి ఒక పునర్విమర్శ

వ్యాససంగ్రహం:
బహుళజాతుల సోషలిస్టు సమాఖ్యలు భాషల, జాతుల వైవిధ్యం వల్లనే కూలిపోయాయన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఒకే భాష మాట్లాడే ఆంధ్రప్రదేశ్ కూడా 2014లో విడిపోయినందున ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసి ఉంది. యుగోస్లావియా ఏర్పాటు, విచ్ఛిత్తులను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల అనుభవంతో పోల్చి, విభేదాలను ప్రశ్నించుకోగల విశ్వసనీయమైన ఉమ్మడి వేదిక లేకపోవడమే విచ్ఛిత్తికి ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భాషాజాతి, సమాఖ్య, యుగోస్లావియా, విశాలాంధ్ర, శ్రీబాగ్ ఒడంబడిక, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు మార్క్సిస్టులకు సోషలిస్టు సమాఖ్య దూరదేశపు వార్త మాత్రమే కాదు. స్వంత రాష్ట్రాన్ని ఊహించుకోవడానికి అది ఒక నమూనా. జమ్మలమడుగు ప్రాంతానికి చెందిన ఎద్దుల ఈశ్వరరెడ్డి 1952లో కడప లోక్‌సభ స్థానం నుంచి కమ్యూనిస్టు అభ్యర్థిగా గెలిచారు. పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. ఆయన ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అందువల్ల ఆ సమాఖ్యల పతనాన్ని ఈ నేల నుంచి చదవడం అసంగతం కాదు.

2. యుగోస్లావియా – నిర్మాణం, విచ్ఛిత్తి:
1943 నవంబరు 29న యాయ్‌త్సే పట్టణంలో ఫాసిస్టు వ్యతిరేక మండలి సమాఖ్య యుగోస్లావియాకు పునాది వేసింది. యుద్ధానంతరం ఆరు రిపబ్లిక్కులు, సెర్బియాలో అంతర్భాగంగా రెండు స్వయంపాలిత ప్రాంతాలు ఏర్పడ్డాయి. అక్కడి రాజ్యాంగ పరిభాష ‘నరోద్’, ‘నరోద్నోస్త్’ అన్న రెండు పదాలను వేరుచేసింది. మొదటిది రిపబ్లిక్కు గల జాతి. రెండవది వెలుపల మరో మాతృదేశం ఉన్న జనసముదాయం. కొసొవోలో అధికసంఖ్యాకులైన అల్బేనియన్లు రెండవ వర్గంలోకి వచ్చారు. వారికి రిపబ్లిక్కు దక్కలేదు.

వెనుకబడిన ప్రాంతాల కోసం 1965లో సమాఖ్య ప్రత్యేక నిధిని నెలకొల్పింది. అయినా స్లొవేనియా, కొసొవోల మధ్య ఆర్థిక అంతరం పెరిగింది. ఇచ్చేవారు దాన్ని భారంగానూ పుచ్చుకునేవారు చాలని సాయంగానూ భావించారు. 1980లో టిటో మరణానంతరం ఎనిమిది మంది సభ్యుల సామూహిక అధ్యక్షమండలి మిగిలింది. 1989లో సెర్బియా కొసొవో, వోయ్‌వోదినల స్వయంపాలనను కుదించి కూడా మండలిలో వాటి స్థానాలను తన అదుపులో ఉంచుకుంది. మిత్రపక్షంగా నిలిచిన మాంటెనెగ్రోతో కలిపి ఎనిమిదింటిలో నాలుగు ఓట్లు ఒకే పక్షానికి చేరాయి. 1990 జనవరిలో స్లొవేనియా ప్రతినిధులు పార్టీ మహాసభ నుంచి నిష్క్రమించారు. 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియాలు స్వాతంత్ర్యం ప్రకటించాయి. వైవిధ్యం 1945లోనూ ఉంది. 1989 తర్వాత పోయింది వేదికపై నమ్మకం.

3. ‘జాతి’ అన్న మాట:
భాష, భూభాగం, ఆర్థిక జీవనం, సంస్కృతిలో వ్యక్తమయ్యే మనస్తత్వం – ఈ నాలుగింటి ఉమ్మడితనమే జాతి అని స్టాలిన్ 1913లో నిర్వచించాడు. ఈ ఆలోచనాధార వెలుగులోనే పుచ్చలపల్లి సుందరయ్య 1946లో ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ వెలువరించారు. నైజాం, మద్రాసు పాలనల కింద చీలివున్న తెలుగువారిని ఏకం చేయాలన్న దాని ప్రజాస్వామిక విలువ కాదనలేనిది. అయితే తెలుగులో ‘జాతి’ ఒక్క మాటే పై రెండు భావాలనూ మోస్తుంది. ‘ప్రాంతం’ అన్న మూడవదాన్ని మరుగున పడేస్తుంది. స్టాలిన్ నిర్వచనంలో భాష నెరవేరినంత మాత్రాన ఆర్థిక జీవనం ఉమ్మడిదైపోదు. కృష్ణా డెల్టా ఆర్థిక జీవనం, పెన్నా ఒడ్డు ఆర్థిక జీవనం ఒకటి కావు.

ఈ తేడాను గుర్తించిన పత్రం విశాలాంధ్ర వాదానికి ముందే ఉంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహంలో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక పదేళ్లపాటు లేదా అవసరమైనంత కాలం తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల వినియోగంలో సీమకు ప్రాధాన్యమిచ్చింది. రాజధాని, హైకోర్టులలో ఒకదాన్ని కోరుకునే హక్కును కూడా సీమకే ఇచ్చింది. సంతకం చేసినవారిలో కడప కోటిరెడ్డి ఒకరు. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలింది. ఒడంబడికకు చట్టబద్ధత లేదు, అమలును ప్రశ్నించే మండలి లేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు ప్రాంతీయ సంఘాన్ని ఇచ్చినా, 1973 నాటి ఆరుసూత్రాల పథకంతో ఆ సంఘం రద్దయింది.

4. మూడు ప్రాంతాల సాక్ష్యం:
కృష్ణాజలాలు నేడు గండికోట జలాశయం చేరి, అక్కడి నుంచి ఎత్తిపోతల ద్వారా పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు, తద్వారా పులివెందుల ప్రాంతానికి అందుతున్నాయి. శ్రీబాగ్ నాటి ఆశ దశాబ్దాల తర్వాత పాక్షికంగా నెరవేరింది. ఆ నీటి నిల్వకోసం తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామాలు మునిగాయి. జిల్లాలోనే ఒక ఊరి లాభం మరో ఊరి త్యాగంపై నిలిచినప్పుడు ‘తెలుగుజాతి ప్రయోజనం’ అన్న సాధారణీకరణ ఏ ప్రశ్నకూ సమాధానం కాదు.

2014 పునర్విభజన చట్టంలోని పదమూడవ షెడ్యూలు కడప జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలన్నది. జమ్మలమడుగు పరిసరాల్లో విభజనకు ముందు 2007లోనూ, తర్వాత 2018, 2019, 2023లలోనూ ఉక్కు పరిశ్రమకు శంకుస్థాపనలు, భూమిపూజలు జరిగాయి. శ్రీబాగ్‌కు లేని చట్టబద్ధత ఈ హామీకి ఉంది. కాని ‘పరిశీలించడం’ ఒక బాధ్యతే తప్ప నిర్మించే బాధ్యత కాదు. చట్టంలోకి ఎక్కిన మాట కూడా అమలు యంత్రాంగం లేకపోతే ఒడంబడిక స్థాయికే దిగిపోతుంది.

5. ముగింపు:
ఈ పోలికకు హద్దులున్నాయి. యుగోస్లావియా యుద్ధాల్లో ముగిసింది. ఆంధ్రప్రదేశ్ విభజన పార్లమెంటు చట్టంతో జరిగింది. అక్కడ నిధి ఉంది, వేదిక నమ్మకం కోల్పోయింది. ఇక్కడ సీమకు వేదికే ఏర్పడలేదు. రెండు చోట్లా ఏకత్వాన్ని ఒక సిద్ధాంతం ముందే నిరూపించిందని భావించడం వల్ల దాన్ని ప్రతి తరంలోనూ తిరిగి ఒప్పించుకోవలసిన అవసరం మరుగున పడింది. మిగిలిన ఆంధ్రప్రదేశ్ కూడా అసమాన ప్రాంతాల కూటమే. కనుక పరిశోధన ‘తెలుగువారు ఒకే జాతియా?’ అన్న పాత ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. నీటి వాటా తప్పినప్పుడు జమ్మలమడుగు రైతు ఏ సభలో, ఏ హక్కుతో ప్రశ్నించగలడన్నదే సమాఖ్యకు అసలు పరీక్ష.