తెర ముందు మనిషి, డ్రోన్ కింద నేల

కోనసీమలో పాత డాబా ఇళ్ళ ముందుగదిలో, గుమ్మం పైన, తరచూ కనిపించే ఫోటో ఒకటుంది. కొత్త దంపతులు. ఆయన కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆవిడ పక్కన నిలబడి కుర్చీ మీద చెయ్యి వేసింది. వెనకాల పాలరాతి మెట్లు, స్తంభాలు, ఒక పూలకుండీ, దూరంగా మంచుకొండ. అన్నీ గుడ్డ మీద రంగులతో వేసినవే. తీసింది అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో. ఆ స్టూడియోకి రావడానికి వాళ్ళిద్దరూ కొబ్బరితోటల్లోంచి, కాలవగట్టు వెంట, లంక ఊరివాళ్ళయితే పడవ మీద ఏటిపాయ దాటి వచ్చి ఉంటారు. అందులో ఏదీ ఫోటోలో లేదు.

రెండో ఫోటో గోడ మీద ఉండదు, ఫోన్లో ఉంటుంది. దిండి దగ్గరో చించినాడ దగ్గరో డ్రోన్ ఎగరేసి తీసింది. అంతా ఆకుపచ్చ, మధ్యలో వశిష్ఠ పాయ, ఒక మూల పడవ. పడవలో ఎవరున్నారో తెలియదు. కింద ‘కోనసీమ అందాలు’ అని రాసి ఉంటుంది. ఊరిపేరు కూడా ఉండదు.

మొదటిది మనిషిని నిలబెట్టి ఊరిని దాచేసింది, రెండోది ఊరిని పరిచి మనిషిని చెరిపేసింది. తీసిందేమో ఒకే వృత్తివాళ్ళు. కొన్నిచోట్ల ఒకే దుకాణంలో తండ్రి కాలంలో అది, కొడుకు కాలంలో ఇది. మంచుకొండ తెరను చూసి నవ్వుకోవడం తేలిక, డ్రోన్ బొమ్మ చూసి మురిసిపోవడం ఇంకా తేలిక. నాకు మాత్రం ఈ రెంటిలో పాత తెరే నిజాయితీగా తోస్తుంది. అమలాపురంలో మంచుకొండ లేదని దిగినవాళ్ళకీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. అది తెర కాదని నమ్మించే ప్రయత్నం ఎవరూ చేయలేదు. అందుకని కన్ను తెర మీద నిలవదు, ముఖం మీదికి పోతుంది.

ఆ ముఖం గురించి కాస్త చెప్పుకోవాలి. 120 ఫిలిం చుట్టలో చదరపు బొమ్మలు పన్నెండే వస్తాయి. ఒకటి పాడైతే డబ్బు పోయినట్టే. అందుకే మీట నొక్కేముందు ఫోటోలాయన పది సర్దుబాట్లు చేసేవాడు. గడ్డం కొంచెం దించండి, పైట సర్దుకోండమ్మా, ఆయ్, అంతేనండి, ఇక కదలకండి. ఆ బిగువుని ఇప్పటి కుర్రాళ్ళు ‘నేచురల్‌గా లేదు’ అని తీసిపారేస్తారు. లేకపోవచ్చు. కానీ ఊళ్ళో చాలామంది జీవితంలో ఫోటో దిగింది రెండు మూడు సార్లే. దిగేటప్పుడు ఎవరు చూస్తారో, ఎన్నేళ్ళు చూస్తారో వాళ్ళకి తెలుసు. ఆ ఎరుకంతా మెడలోనూ వేళ్ళలోనూ కనిపిస్తుంది. చీకటిగదిలో ఫిలిం కడిగాక, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో స్ఫోటకం మచ్చలు పూడ్చేవారు. నెగెటివ్ మీద పెన్సిల్ పడినచోట అచ్చులో తెలుపు తేలుతుంది. ఇప్పటి ఫోన్ ఒక్క నొక్కుతో మొత్తం చర్మాన్ని నున్నగా చేసేస్తుంది. పాతవాళ్ళలో పని తెలిసినవాళ్ళు మచ్చ పూడ్చినా ముడత వదిలేసేవారు. ఆ తేడా చిన్నదేం కాదు, ముఖం మీద ఉన్నదాంట్లో ఏది మనిషిదో ఏది జబ్బుదో ఎంచుకునే చూపు అది.

గల్ఫ్ వలసలు పెరిగాక కథ ఇంకో మలుపు తిరిగింది. కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళేవాళ్ళు రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు నుంచి వరసకట్టారు. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు వాళ్ళలో చాలామంది. వాళ్ళందరికీ పాస్‌పోర్టు ఫోటో కావాలి. దానికి మెట్లూ కొండలూ పనికిరావు, వెనక తెల్లగా ఉండాలి. వాళ్ళు వెళ్ళిన తర్వాత ఇంటివాళ్ళు మళ్ళీ అదే స్టూడియోకి వచ్చేవారు. పిల్లలకి కొత్త బట్టలు తొడిగి ఫోటో తీయించి, ఉత్తరంలో పెట్టి పంపేవారు. తల్లి చూడకుండా పెరిగిన ఏళ్ళ లెక్క ఆ ఫోటోల్లోనే ఉంది. కోనసీమ చరిత్ర రాసేవాళ్ళు ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాస్తారు, తుపాన్ల గురించి రాస్తారు. ఈ ఫోటోల జోలికి ఎవరూ పోయినట్టు కనబడదు.

ఇక నేల. కోనసీమను ఫోటో తీయడం అనుకున్నంత తేలిక కాదు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, నడుమ వైనతేయ చీల్చుకుపోయిన బల్లపరుపు డెల్టా. కొండ లేదు, గుట్ట లేదు. ఎత్తు కావాలంటే ఏటిగట్టు ఎక్కాలి, లేకపోతే చించినాడ, ఎదుర్లంక వంతెనల దాకా పోవాలి. తోటలోపల ఆకాశం కనబడదు, తోట బయటికొస్తే ఆకాశం తప్ప ఏమీ కనబడదు. కొబ్బరాకు నీడ ఇంకో చిక్కు. మిట్టమధ్యాహ్నం చెట్టుకింద మనిషిని నిలబెడితే ఒక చెంప తెల్లగా కాలిపోతుంది, ఇంకో చెంప నల్లగా మునిగిపోతుంది. పని తెలిసినవాడు మనిషిని తోట అంచుకి తెచ్చి, ముఖం కాలవ వైపో పొలం వైపో తిప్పి, అవతలినుంచి థర్మోకోల్ అట్టో తెల్లపంచో పట్టిస్తాడు. బడిలో నేర్పని విద్య ఇది. ఇక్కడి ఎండే నేర్పుతుంది.

డ్రోన్ వచ్చి ఎత్తు కష్టం తీర్చేసింది. తీర్చినందుకే అందరి బొమ్మలూ ఒకేలా వస్తున్నాయి. పైనుంచి ప్రకృతిలా అనిపించేదంతా నిజానికి మనుషులు తవ్విందీ నాటిందీనూ. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ హయాంలో 1847-52 మధ్య కట్టింది. అక్కణ్ణుంచి కాలవలు, లాకులు, చేలకి నీళ్ళు, కాలవ నీటిని వైనతేయ మీదుగా దాటించే గన్నవరం అక్విడక్టు, అన్నీ కూలీల చేతుల మీదుగా వచ్చినవే. కొబ్బరి వరసలు ఎవరో నాటినవి. చెట్టెక్కి దింపు తీసేవాళ్ళు, కాయ ఒలిచేవాళ్ళు, అంబాజీపేట మార్కెట్‌కి చేర్చేవాళ్ళు ఉన్నారు గనకే ఆ పచ్చదనం నిలిచి ఉంది. దింపు తీసే మనిషి రోజూ ఎక్కే ఎత్తుకి కాస్త పైనే డ్రోన్ ఎగురుతుంది. అయినా అతని ముఖం దానికి చిక్కదు.

పైచూపుకి ఇంకో లోపం ఉంది, అది అన్నిటినీ అందంగా చూపిస్తుంది. రొయ్యల చెరువులు పైనుంచి తళతళలాడతాయి, పక్క చేను ఉప్పెక్కిన సంగతి కనిపించదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించారు, వేల ఎకరాల్లో నాట్లు పడలేదు. ఆ బీడుని పైనుంచి తీసి ఉంటే గడ్డి మొలిచి పచ్చగానే ఉండేది, మనం ‘అందాలు’ అనే రాసుకునేవాళ్ళం. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలినప్పుడు లంకలు మునిగాయి. అప్పటి డ్రోన్ బొమ్మల్లో ఎర్రనీటి మధ్య కొబ్బరితలలు బారులు తీరి కనువిందుగానే ఉన్నాయి. పత్రికల ఫోటోగ్రాఫర్లు పడవెక్కి తీసినవాటిలో మాత్రం నడుంలోతు నీళ్ళు, తలమీద మూట, చంకలో పిల్ల, ఆ వెనక అదే ఏరు. నీళ్ళు రెంటిలోనూ అవే. మనిషి ముఖం కనిపించేంత దగ్గరికి ఎవరు వెళ్ళారన్నదే తేడా.

నేలా మనిషీ ఒకే చట్రంలో ఎలా ఇముడుతారో సినిమా ఎప్పుడో చూపించింది. బాపు ‘సాక్షి’ (1967) గోదావరి ఒడ్డున పులిదిండిలో తీశాడు. నలుపు తెలుపు. అందులో హీరో కృష్ణ ఏరు దాటించేవాడు. రేవు అక్కడ వెనక కట్టిన తెర కాదు, ఆ మనిషి బతుకుతెరువు. అతను భయపడితే గట్టు కూడా భయంగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే బాపు ‘ముత్యాలముగ్గు’ (1975) రంగుల్లో తీశాడు. ‘గరమ్ హవా’ ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య కెమెరా పట్టాడు, ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. వెలుతురు సంగతికొస్తే రెండోది గొప్పది, ఉదయపు ఎండ ముఖం మీద పడే తీరు తెలుగు తెర మీద అంతకుముందు అంత శ్రద్ధగా చూడలేదు. కానీ ఊరూ మనిషీ ముడిపడిన తీరు చూస్తే నా ఓటు ‘సాక్షి’కే. తర్వాత వచ్చిన చాలా సినిమాలు ‘ముత్యాలముగ్గు’ నుంచి వెలుతురు ఒక్కటే అరువు తెచ్చుకున్నాయి. గోదావరి పాట తీసుకునే చోటయింది. ఇప్పటి పెళ్ళి ఫోటోలకు దారి చూపింది ఆ పాటలే.

ప్రీవెడ్డింగ్ ఫోటోలు చూడండి. జంట ఇప్పుడు స్టూడియోలో లేదు, కాలవగట్టు మీదే ఉంది. పాత తెర పోయి అసలు కోనసీమ వచ్చిందని సంబరపడబోతాం. కానీ లెన్సు పూర్తిగా తెరిచి, 85 ఎంఎం పెట్టి, వెనకున్న చెట్లన్నీ ఆకుపచ్చ మసకగా కలిపేస్తున్నారు. ఆ ఫోటో కేరళలో తీశామన్నా ఎవరూ కాదనరు. (మన నేలని ‘ఆంధ్రా కేరళ’ అని మనమే పిలుచుకుంటున్నప్పుడు కెమెరాని అని ఏం లాభం.) గట్టు మీద గేదెల్ని తోలుకొచ్చేవాణ్ణి కాసేపు ఆగమంటారు, బట్టలుతికే ఆవిణ్ణి పక్కకి జరగమంటారు. మొత్తానికి అదీ తెరే. కాకపోతే దీన్ని తెరని ఒప్పుకోవడం లేదు.

మనిషినీ నేలనీ రెంటినీ జీవితాంతం పట్టుకున్న ఫోటోగ్రాఫర్లు లోకంలో తక్కువ. జర్మనీలో ఆగస్ట్ సాండర్ (1876-1964) ఒకడు. సైకిలు మీద వెస్టర్‌వాల్డ్ పల్లెలు తిరిగి, రైతులకి ఆదివారం బట్టల్లో ఫోటోలు తీసి బతికాడు. 1929లో ఆ ముఖాలతో పుస్తకం వేశాడు. 1936లో నాజీలు దాని అచ్చుపలకలు ధ్వంసం చేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువగా రైన్ నదీ, కొండలూ తీశాడు. ముఖం తీయడం ప్రమాదమైన రోజుల్లో నేలను ఆశ్రయించాడన్నమాట. మనవాళ్ళకి అలాంటి ప్రమాదమేమీ లేదు. నేల బొమ్మకి లైకులు ఎక్కువ వస్తాయి, ముఖానికి బేరం ఆడతారు. అంతే.

అయినా ఏడాదికోసారి ఈ రెండు రకాల ఫోటోగ్రాఫర్లూ ఒకేచోట ఎదురుపడతారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవలో దిగి నీళ్ళు దాటాలి. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ తీర్థమే. పైనుంచి తీసినవాటిలో పచ్చటి చేల మధ్య రంగుల గోపురం ఒకటి జనసముద్రంలో తేలుతూ ఉంటుంది, క్యాలెండర్‌కి సరిపోతుంది. కాలవలో దిగి తీసినవి వేరు. వెదురు బొంగు కింద నొక్కుకున్న భుజం, ‘అశ్శరభ’ అని తెరుచుకున్న నోరు, బురదలో జారబోయి పక్కవాడి మెడ పట్టుకున్న చెయ్యి, వాటి పైన వంగిన ప్రభ, ఆ పైన కొబ్బరితలలు. నేల ఎంత జారుడో మనిషి కాలు చూసి తెలుస్తుంది, ప్రభ ఎంత బరువో ముఖం చూసి తెలుస్తుంది. ఇదే ఫోటో. కెమెరా తడిసే భయానికి గట్టు మీదే ఆగినవాళ్ళకి ఇది దక్కదు. కోనసీమ మీద ఎప్పుడైనా ఒక మంచి ఫోటో పుస్తకం వస్తే, దాని అట్ట మీద ఉండాల్సింది ఈ తడిసిన కెమెరావాడు తీసిన బొమ్మే.

చివరిగా పాత ఫోటోల గురించి ఒక్కమాట. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. అంతకుముందు ఈ నేల ఎలా ఉండేదో చూద్దామంటే స్టూడియో వాళ్ళు తీసిన నేల బొమ్మలు దాదాపు లేవు. బేరం ముఖాలకే ఉండేది మరి. కానీ పెళ్ళి ఊరేగింపుల్లో, గృహప్రవేశాల్లో, పుష్పవతి పేరంటాల్లో ఆరుబయట తీసినవాటి వెనక అనుకోకుండా పడిన ఆ తోటలు, పూరిళ్ళు, రేవులు ఉన్నాయి. ముఖాల కోసం తీసిన ఫోటోలే ఇవాళ మనకి మిగిలిన నేల చిత్రాలు. అవి ఇప్పుడు తేమకి బూజుపట్టి, ఒకదానికొకటి అంటుకుపోయి అల్మారాల్లో ఉన్నాయి. స్టూడియో మూసేసేటప్పుడు నెగెటివ్ డబ్బాలు పాత ఇనుపసామాను వాడికి వెయ్యకండి, స్కాన్ చేయించండి. ఇళ్ళలో ఉన్నవాటి వెనక మెత్తటి పెన్సిల్‌తో ఊరు, పేర్లు, ఏడాది రాయించండి. రాయించాల్సింది వాటిని గుర్తుపట్టగల అమ్మమ్మల చేత, ఈ సంక్రాంతికే.