‘ధ్వంసం’కీ ‘అంట’కీ మధ్య కరాచీ

2025 మే 8 రాత్రి కరాచీ ఓడరేవుని ధ్వంసం చేసింది మన నౌకాదళం కాదు, మన టీవీలు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు అన్న తేడా లేదు. ఐఎన్ఎస్ విక్రాంత్ విరుచుకుపడిందన్నారు. కరాచీ మంటలంటూ ఆ రాత్రి తిరిగిన ఒక వీడియో, అదే ఏడాది జనవరి 31న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిది. మే 11న వైస్ అడ్మిరల్ ఏఎన్ ప్రమోద్ చెప్పింది ఒక్కటే: కరాచీతో సహా ఎంచుకున్న లక్ష్యాల్ని కొట్టడానికి నౌకాదళం సిద్ధంగా ఉండిందని. సిద్ధంగా ఉండటం వేరు, కొట్టడం వేరు.

వీడియోల సంగతి ఫ్యాక్ట్‌చెక్ వాళ్లు తేల్చేశారు. నేను చూస్తున్నది వాక్యాన్ని. ‘కరాచీ పోర్టు ధ్వంసం.’ క్రియ లేదు, కర్త లేడు. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడగడానికి చోటే లేదు. పేపర్లో కూడా శీర్షికలు ఇలాగే ఉంటాయి గానీ, వాటి కింద వార్త ఉంటుంది. టీవీలో శీర్షికే వార్త. యాంకర్ అరిచేదీ అదే, కింద పరిగెత్తేదీ అదే.

మర్నాడు గవర్నర్‌పేటలో టీ కొట్టు దగ్గర నేను విన్న వాక్యం ఇది: “కరాచీ పోర్టు లేపేశారంట.” ఆ చివరి ‘అంట’ చూడండి. నేను చూడలేదు, ఎవరో అన్నారు, నాకు పూచీ లేదు అని చెప్పేస్తోంది. పుకారు నడిచేదీ ‘అంట’తోనే, కాదనను. కానీ “ఎవరన్నారు?” అని ఎదురడిగే వీలు అందులో ఉంది. ఛానెల్ పీకేసిన జాగ్రత్తని టీ తాగే మనిషి మళ్లీ తగిలించాడు.

ఆ రాత్రి కథ కొత్తదీ కాదు. 1971 డిసెంబర్లో మన క్షిపణి పడవలు కరాచీ రేవుని నిజంగానే కొట్టాయి. అప్పటి విక్రాంత్ ఉన్నది బంగాళాఖాతంలో. టీవీలు ఆ పాత జ్ఞాపకానికి కొత్త విక్రాంత్‌ని అతికించాయి.

ఈ కథలో కరాచీకి రేవు ఉంది గానీ మనుషుల్లేరు. అసలు కరాచీలో సుమారు 2 కోట్ల జనం ఉన్నారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒకటుంది. దేశ విభజన తర్వాత ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లది. ఊరగాయలకీ బగారా బైంగన్‌కీ పేరు. ఇటు మే 10న శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి జరిగింది. 1953లో దాన్ని మొదలుపెట్టింది సింధ్ వదిలి వచ్చిన కుటుంబం. మనుషుల్ని తీసేసి ఊరి పేరొక్కటే మిగిలిస్తే, ఆ పేరు ఎక్కడ కనబడితే అక్కడ రాయి వేయొచ్చు.

పాకిస్తాన్‌ని వెనకేసుకొస్తున్నావా అంటారేమో. పహల్గాంలో 26 మందిని చంపినవాళ్ల మీద కోపం రావడానికి అబద్ధం అక్కర్లేదు. ఆ రోజుల్లోనే శ్రీ సత్యసాయి జిల్లాకి చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో చనిపోయారు. అది నిజం యుద్ధం. ఫిలడెల్ఫియా మంటల్ని దాని పక్కన పెట్టడం ఆయనకి గౌరవం కాదు.

ఛానెళ్లని నేనడిగేది ఎంతో కాదు. ఎవరు చెప్పారో వాక్యంలో చెప్పండి. చెప్పినవాళ్లు లేకపోతే, కనీసం ‘అంట’ అనండి.