నిమిషానికి 14 ఆటలు

టైపు నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు జన్మంతా ఉండిపోతుంది. మనిషి ముఖం కంటే ముందు చేతులు చూస్తాం. లాస్ వేగాస్‌లో ఆ రాత్రి నేను చూసిందీ చేతులనే.

మా అక్క కొడుక్కి అక్కడే ఉద్యోగం. వాడితో కలిసి ఆ ఊరివాళ్లే ఎక్కువగా వెళ్లే ఒక కేసినోకు వెళ్లాను. వీడియో పోకర్ మిషన్ల వరసలో నా పక్క కుర్చీలో డెబ్బై దాటిన ఒకావిడ ఆడుతోంది. తెర మీద ఐదు ముక్కలు పడతాయి. ముక్కకొకటి చొప్పున కింద ఐదు బటన్లు, కుడిపక్కన డీల్ బటన్. ఉంచుకోదలిచిన ముక్కల బటన్లు నొక్కి డీల్ కొడితే మిగతావి పోయి కొత్తవి వస్తాయి. ఆట అయిపోయింది. మళ్లీ డీల్. వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. నిమిషానికి 14 ఆటలు. అదే జోరు గంటసేపు సాగితే 840.

నిజం చెప్పాలంటే మొదట నాకు ముచ్చటేసింది. మణికట్టు కదలడం లేదు, వేళ్లు మాత్రమే కదులుతున్నాయి, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం తేడా రావడం లేదు. టైపు హయ్యర్ పరీక్షకు నిమిషానికి 45 మాటల కోసం మేం నెలల తరబడి తపించింది అలాంటి చేతి కోసమే. అంతలో ఆవిడ డబ్బు అయిపోయింది. తెర మీద సున్నా కనిపిస్తోంది. చేయి మాత్రం ఇంకో రెండుసార్లు డీల్ బటన్ నొక్కింది. తర్వాత ఆగింది. పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసి మిషన్లో పెట్టింది, వేళ్లు మళ్లీ అందుకున్నాయి.

ఆ రెండు నొక్కులు నన్ను వదల్లేదు.

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం చతుర్ముఖ పారాయణం ఉండేది. నాన్న, పెదనాన్న, మేడ మీద అద్దెకున్న మాస్టారు, ఎదురింటాయన. పదమూడు ముక్కల రమ్మీ. గంటకు పదో పన్నెండో ఆటలు తిరిగేవి. పేక కలపాలి, కోయాలి, పంచాలి, ముక్కలు సర్దుకోవాలి. "ఆ రాణిని ఎందుకు దించావురా" అని ఒక తగువు, మధ్యలో అమ్మ తెచ్చే టీ. నాలుగు గంటలు కూర్చుంటే నలభై యాభై ఆటలు. ఆ లెక్కన వేగాస్ ఆవిడ ఒక్క గంటలో ఆడింది మా నాన్నకు నాలుగైదు నెలల ఆదివారాల ఆట. టీ లేదు, తగువు లేదు, ఎదురుగా మనిషి లేడు.

మిషన్లు కూడా మొదట్లో ఇంత పరుగు పెట్టేవి కావు. 1979లో సై రెడ్ అనే ఆయన కంపెనీ డ్రా పోకర్ మిషన్ను తెచ్చింది. తర్వాత ఐజీటీగా పేరు మారి పెద్దదైన కంపెనీ అదే. అప్పుడు ప్రతి ఆటకూ నాణేలు వేయాలి. గెలిస్తే అవి గలగలమని ట్రేలో పడేవి, వాటిని బక్కెట్లో ఎత్తుకోవాలి, వేళ్లు నల్లబడేవి, మిషన్లో నాణేలు నిండుకుంటే మనిషి వచ్చి నింపేదాకా ఆగాలి. తర్వాత నోట్లు తీసుకునే మిషన్లు వచ్చాయి, 2000 దాటాక నాణేల బదులు కాగితం టికెట్లు. ఆగే సందులన్నీ ఒకటొకటిగా మూసుకుపోయాయి. మా రెమింగ్టన్ టైపు మిషన్లో వరస చివరికి వస్తే గంట మోగేది. ఎడమచేత్తో క్యారేజీని కుడివైపుకు నెట్టాలి. ఆ ఒక్క క్షణంలోనే మనం కొట్టింది మన కళ్లకు కనిపించేది, తప్పుంటే అక్కడే తెలిసేది. నాణేలు వేయడం ఆ ఆటకు అలాంటి గంట అయివుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆటగాడు కోరుకుంటే ముక్కలు పడే వేగాన్ని తెర మీదే పెంచుకునే మిషన్లున్నాయి. ఒకే డీల్‌తో మూడు, పది, వంద ఆటలు కలిపి ఆడేవీ ఉన్నాయి.

మిషన్ మోసం చేస్తుందా అని మా వాణ్ణి అడిగాను. చెయ్యదు పిన్నీ అన్నాడు. నెవడా నిబంధనల ప్రకారం పేక బొమ్మలు చూపించే మిషన్ నిజం పేకలాగే 52 ముక్కల్లోంచి సమానమైన అవకాశంతో పంచాలి. పైగా ఏ ఆటకు ఎంత ఇస్తుందో గాజు మీదే రాసి ఉంటుంది. జాక్స్ ఆర్ బెటర్ అనే ఆటలో రెండు వరసలు చూస్తే చాలు. ఫుల్ హౌస్‌కు 9, ఫ్లష్‌కు 6 ఇచ్చే మిషన్ను తప్పు లేకుండా ఆడితే వంద డాలర్లకు 99.54 డాలర్లు సగటున తిరిగొస్తాయి. అవే 8, 5 అయితే 97.30. ఇంకా తక్కువిచ్చేవీ బోలెడు. కేసినోలో ధర రాసిపెట్టిన సరుకు ఇలా అరుదు అని మా వాడికి దీని మీద గౌరవం.

వాడు ఇంట్లో కంప్యూటర్ మీద నెలల తరబడి సాధన చేశాడు. తప్పు ముక్క ఉంచితే ఆ ప్రోగ్రామ్ పట్టేసుకుంటుంది. "ఆఠీన్‌లో ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు, ఈ ఐదూ పడ్డాయనుకో. ఫ్లష్ చేతిలో ఉన్నట్టే. అయినా ఆ నాలుగు ముక్కను పారేయాలి పిన్నీ" అన్నాడు. మిగిలిన 47 ముక్కల్లో ఆఠీన్ పది ఒక్కటే ఉంటుంది. అది పడితే రాయల్ ఫ్లష్. ఐదు నాణేలు కట్టినవాడికి నాలుగు వేలు. సుమారు నలభై వేల ఆటలకు ఒకసారి వచ్చే భాగ్యం అది. చేతిలో ఉన్నదాన్ని విరగ్గొట్టమని లెక్క చెబుతుంది. ఆ లెక్క చేతికి పట్టడమే ఈ ఆటలో విద్య, దాన్ని నేను తక్కువ చేయను.

గాజు మీద రాయని ధర మాత్రం ఒకటుంది. పావు డాలరు మిషన్లో ఐదేసి నాణేలు కడితే ఆటకు డాలరుంబావు. 8, 5 మిషన్ను తప్పు లేకుండా గంటకు 300 ఆటలు ఆడితే సగటున పది డాలర్లు పోతాయి. 600 ఆడితే ఇరవై. వెయ్యి ఆడితే దాదాపు 34. మిషన్ అదే, మనిషి అదే, నేర్పూ అదే. మారింది చేయి ఒక్కటే. గంటకు ఎంత చెల్లించాలో ఆటగాడి కుడిచేయి నిర్ణయిస్తోంది, ఆ సంగతి మాత్రం ఎవరూ అతనికి చెప్పరు. టైపులో వేగం పెరిగితే జీతం పెరిగేది. ఇక్కడ వేగంగా ఆడగలగడాన్ని నేర్పుగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. వందకు పైన తిరిగిచ్చే మిషన్లు కొన్ని ఉండేవి, వాటి మీద వేగం సంపాదనే. అవి బాగా అరుదైపోయాయి.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంకొకటుంది. నటాషా డౌ షుల్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి వేగాస్ మిషన్ల ముందు కూర్చునేవాళ్లతో మాట్లాడి 2012లో అడిక్షన్ బై డిజైన్ అనే పుస్తకం రాసింది. అందులో కనిపించే మనుషులు చాలామంది గెలవడానికి ఆడటం లేదు. కాలం, ఒళ్లు, ఇల్లు అన్నీ మరుగున పడే ఒక స్థితి కోసం ఆడుతున్నారు. ఆ స్థితికి వేగం కావాలి, ఎడతెగని లయ కావాలి. పెద్ద ఆట పడి మిషన్ ఆగితే విసుక్కునేవాళ్లు కూడా ఉన్నారట. అది చదివాక ఆ రెండు ఉత్తి నొక్కులు నాకు అర్థమయ్యాయి. చేయి డబ్బుకోసం వెళ్లలేదు, లయ కోసం వెళ్లింది. రోడ్ ఐలండ్‌లో బ్రీన్, జిమర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన పరిశీలన ఇంకా కలవరపెడుతుంది. కొద్దిమంది మీద చేసినదే. మిగతా జూదాలు ఆడేవాళ్లు వ్యసనంలో కూరుకుపోవడానికి సగటున మూడున్నరేళ్లు పడితే మిషన్ల ముందు కూర్చున్నవాళ్లకు ఏడాది సరిపోయింది.

మన దగ్గర జూదం మీద వాదం ఎప్పుడూ వేరే దారిలో నడిచింది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇన్నేళ్లూ ప్రశ్న ఒకటే, నైపుణ్యమా అదృష్టమా అని. మా నాన్న ఆడిన రమ్మీకీ ఫోన్‌లో రమ్మీకీ నైపుణ్యంలో తేడా లేదు. కలపడం, పంచడం, టీ తాగడం పోయాయి, ఒంతుకు ఇన్ని సెకన్లని గడియారం తరుముతుంది. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ నేరుగా వేగాన్నే పట్టుకుంది. ఆన్‌లైన్ స్లాట్లలో ఆటకు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలని, దానంతటదే ఆడే సదుపాయం ఉండకూడదని 2021లో అమలులోకి తెచ్చింది. రెండున్నర సెకన్లు చాలా తక్కువని నా అభిప్రాయం. అయినా కొలవాల్సినదాన్ని కొలిచినందుకు వాళ్లకు దండం పెట్టాలి.

మర్నాడు సాయంత్రం నేనూ ఇరవై డాలర్లు పెట్టి ఆడాను. అప్పుడు తెలిసింది, ఈ మిషన్ ఎవరినీ తరమదు. ఫోన్ రమ్మీలో ఉన్న గడియారం ఇందులో లేదు. ఐదు ముక్కలు చూపించి మనం నొక్కేదాకా అలాగే ఉంటుంది. నాకు రెండు ఆరులు పడ్డాయి. అందులో ఒకటి ఇస్పేటు, దానితోపాటు ఇస్పేటు రెండు, తొమ్మిది, జాకీ. జత ఉంచుకోవాలా, నాలుగు ఇస్పేట్లు ఉంచుకోవాలా? వేలు డీల్ బటన్ మీదికి పోబోయింది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మా వాడికి జవాబు తెలుసు, చెప్పొద్దన్నాను. వాడు కాఫీ తెస్తానని లేచి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ ఐదు ముక్కలూ తెర మీద అలాగే ఉన్నాయి.

"ఇంకా అదే ఆటా పిన్నీ?"

"అదే నాన్నా. 47లో ఇంకా తొమ్మిది ఇస్పేట్లున్నాయి. కూర్చో, లెక్క కట్టుకుంటున్నాను."